అతుకు

అతుకు అనే మాటకు మన భాషలో రెండు ముఖాలున్నాయి. లేమిని 'అతుకుల బ్రతుకు' అని నొచ్చుకుంటాము. చక్కగా కుదిరిన దానిని 'అతికినట్లున్నది' అని మెచ్చుకుంటాము. ఈ రెండవ మాటలోని కష్టం ఎంతటిదో లోహాల పనిని దగ్గరగా చూచిన తరువాతనే నాకు బోధపడింది.

రాగిని ఉక్కుతో కలపడం తేలిక కాదు. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఉక్కు కరగడానికి సుమారు 1400 డిగ్రీలైనా కావలెను. రెంటినీ కరిగించి కలపబోతే ఉక్కు కరగకముందే రాగి కారిపోతుంది. అందుచేత నేర్పరులు ఆ రెంటినీ కరగనివ్వరు. అంతకన్న తక్కువ వేడికి కరిగే మూడవ లోహాన్ని వాటి నడుమకు పంపుతారు. ఆ పూరక లోహం 450 డిగ్రీల లోపు కరిగితే ఆ పనిని సోల్డరింగు అనీ, అంతకు మించితే బ్రేజింగు అనీ అంటారు. మన కంసాలులు టంకం పెట్టడంలో, కంచరులు మాటు వేయడంలో ఉన్నది ఈ విద్యయే.

మా బాబాయికి విజయవాడలో ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం ఉండేది. సెలవులలో నేను అక్కడ కూర్చునేవాడిని. ఒక వేసవిలో మందుల దుకాణం వారి ఫ్రిజ్ ఒకటి చల్లదనం తగ్గి అక్కడికి వచ్చింది. అందులో ఉంచేది ఇన్సులిన్. దానిని 2 నుండి 8 డిగ్రీల మధ్య నిలువ చేయవలెను. వేడి తగిలిన మందు చూపునకు మామూలుగానే ఉండవచ్చు. రోగికి మాత్రం గుణమివ్వదు.

బాబాయి అతుకులకు సబ్బునురుగు పూశాడు. కంప్రెసర్ ఉక్కు గొట్టం రాగి గొట్టంతో కలిసే చోట చిన్న బుడగ లేచింది. అంతకుముందెవరో అక్కడ భాస్వరం కలిసిన రాగి కడ్డీ వాడారు. రాగిని రాగితో కలపడానికి అది చవకైన సాధనం. ఉక్కు తగిలితే మాత్రం భాస్వరం ఇనుముతో చేరి పెళుసైన పొర అవుతుంది. కంప్రెసర్ అదురుకు ఆ పొర బీటవారింది.

"వెండి కడ్డీ ఖరీదెక్కువ కదండీ! మామూలు దానితో కానివ్వరాదా?" అన్నాడు దుకాణదారు.

"కడ్డీ చవకే గాని, లోపల పెట్టే మందు చవక కాదు కదండీ!" అన్నాడు బాబాయి.

ఆయన లోపలి గ్యాసును తీసివేసి, పాత అతుకును కోసివేశాడు. గొట్టాల కొసలను ఉప్పుకాగితంతో మెరిసేవరకు రుద్దాడు. మసిగాని, చమురుగాని ఉన్నచోట పూరక లోహం అంటుకొనదు. వేడికి కొత్తగా చిలుము పట్టకుండా, కంసాలి వెలిగారం వాడినట్లు, ఒక లేపనం పూశాడు. గొట్టాల నడుమ విడిచిన సందు మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే.

మంటను ఆయన కడ్డీకి చూపలేదు, గొట్టాలకు చూపాడు. రాగి ఉక్కు కంటె సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. అందుచేత మంట రాగి మీదనే ఎక్కువసేపు నిలిచింది. రెండూ సమానంగా కాగిన తరువాత కడ్డీని తాకించగానే, వత్తిలోనికి నూనె ఎగబాకినట్లు, కరిగిన లోహం సందులోనికి పాకిపోయింది. భౌతికశాస్త్రంలో మీరు కేశనాళికీయత అని చదివేది దీనినే.

చల్లారిన పిమ్మట మిగిలిన లేపనాన్ని కడిగివేశాడు. అది నిలిచి ఉంటే లోహాన్ని తినివేస్తుంది. గొట్టాలలో నైట్రోజన్ నింపి, మరల సబ్బునురుగు పూశాడు. ఈసారి బుడగ లేవలేదు.

ఫ్రిజ్ తీసుకొనిపోయేటప్పుడు దుకాణదారు ఆ అతుకు వైపు చూడనైనా లేదు. ఆ ఇన్సులిన్ వాడినవారికి దాని సంగతే తెలియదు. మంచి అతుకు ఎవరి కంటా పడదు. దానిని వేసిన చేతిని గుర్తించి గౌరవించడం చదువుకున్నవారి విధి.