ముక్కు దారి చూపే గుహలో

పోస్టోయ్నా, స్లొవేనియా

చెల్లీ,

చిన్న రైలెక్కించి గుహలోకి తీసుకెళ్లారు. బయట మండే ఎండ, లోపల పది డిగ్రీలు. స్వెట్టరున్నా వణికాను. మసక వెలుతురున్న గాజు తొట్టిలో ప్రోటియస్ అనే ఉభయచర జీవి కనిపించింది. జానెడు పొడవు, పాలిపోయిన గులాబీ ఒళ్లు, మెడ పక్కన ఎర్రటి మొప్పల కుచ్చులు. వానలకు పైకి కొట్టుకొచ్చిన వీటిని జనం డ్రాగన్ పిల్లలనుకునేవారట. 1689లోనే వాల్వజోర్ అనే పండితుడు ఆ సంగతి రాశాడు.

దీని పిల్లలకు కళ్లుంటాయి. పెరిగేకొద్దీ అవి చర్మం కిందికి వెళ్లిపోతాయి. మరి చీకట్లో తిండి ఎలా దొరుకుతుందంటావా? ముక్కుతో. ముక్కు రంధ్రాల్లోంచి లోపలికి వచ్చిన నీరు మొప్పల దగ్గర బయటికి పోతుంది. ఆ దారిలో నీళ్లలో కరిగిన అమైనో ఆమ్లాల్లాంటివి తగిలితే అదే వాసన. తాను ఉండే రాతి సందును కూడా తన ఒంటి వాసనతోనే పోల్చుకుంటుంది. విద్యుత్తును పసిగట్టే శక్తీ ఉంది కానీ నన్ను ఆకట్టుకున్నది ముక్కే.

కప్ప ముక్కు సంగతి వేరు. ఆఫ్రికా గోళ్ల కప్పలో దీన్ని బాగా పరిశీలించారు. తోకకప్పగా ఉన్నప్పటి నీటి ముక్కు, రూపం మారే రోజుల్లో గాలి ముక్కుగా మారిపోతుంది. నీళ్ల కోసం పక్కనే కొత్త గది పుడుతుంది. కప్ప మునిగిందంటే గాలి గది మూసుకుంటుంది. ఒకే ఇంటికి వాకిలీ పెరడూ ఉన్నట్టు! 1995లో తేలిందేమిటంటే, నీటి గదిలో చేపలకుండే రకం వాసన గ్రాహకాలు, గాలి గదిలో మనలాంటి క్షీరదాలకుండే రకం.

ప్రోటియస్‌కు ఆ మార్పే రాదు. గుడ్లు పెట్టే వయసొచ్చినా మొప్పలతో లార్వాలాగే ఉండిపోతుంది, ఒడ్డెక్కదు. జీవితమంతా నీటి ముక్కే.

చెర్నోమెల్

చెల్లీ,

ఇక్కడి నేలకింద నల్ల ప్రోటియస్ ఉంది. 1986లో బయటపడింది. దీని కళ్లు చిన్నవైనా పైకి కనిపిస్తాయి.

దగ్గర్లోనే క్రుపా ఊట. నీలంగా, నిర్మలంగా ఉంది. కానీ గత శతాబ్దంలో ఓ కెపాసిటర్ల ఫ్యాక్టరీ పారబోసిన పీసీబీలనే విష రసాయనాలు ఇందులోకి దిగాయి. అక్కడి ప్రోటియస్‌ల ఒంట్లోనూ అవి దొరికాయి. ఈ సున్నపురాయి నేల దేన్నీ సరిగా వడకట్టదు. పైన పొలంలో చల్లిన మందైనా వానతో సందుల్లోంచి కిందికి జారుతుంది. నీటి వాసనే దిక్కైన ప్రాణికి ఇంతకన్నా అన్యాయం ఉండదని నా అభిప్రాయం.