తాత అచ్చు

మా ఇంట్లో ఒక రాతి అచ్చు ఉంది. మెత్తటి బలపపు రాయిని తొలిచి మా తాత చేసుకున్నది. రెండు చెక్కలు. కలిపి తాడుతో బిగిస్తే అరచేతిలో పడుతుంది. ఒక పక్క విసురు వలకు కట్టే సీసం గుళ్ళ గుంటలు ఆరు, రెండో పక్క గుండ్రటి గుంటలు మూడు. ఆ మూడూ నాటు తుపాకి గుండ్లకు. తుపాకిని మా నాన్న కాలంలోనే స్టేషన్‌లో అప్పజెప్పారు. అచ్చు మాత్రం చూరులో ఉండిపోయింది.

మేమంటే ఆలుమగలం. ఇద్దరం కోయవాళ్ళమే. టీటీసీ చదివి, భద్రాచలం ఏజెన్సీలో గోదావరి పక్క ఊళ్ళలో ఇరవై ఏళ్ళుగా చిన్నపిల్లలకు చదువు చెబుతున్నాం. తాత అచ్చు కథను మా పిల్లలకూ బడి పిల్లలకూ ఎన్నోసార్లు గొప్పగా చెప్పాం. అందులో సగమే చెప్పామని కిందటి ఎండాకాలం మాదన్నపేటలో మాకు తెలిసొచ్చింది.

మా చిన్న తమ్ముడి కొడుకు హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. మన ఏజెన్సీ పిల్లలే ఇంకో ఇద్దరితో కలిసి మాదన్నపేటలో ఒక మేడ మీద గది తీసుకున్నాడు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "పెదనాన్నా, చెయ్యి కాలింది. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దు. పెద్దమ్మా మీరూ ఒకసారి రండి" అన్నాడు. ఆ రాత్రే బస్సెక్కాం.

తెల్లారేసరికి ఆటో మాదన్నపేట మండీ దగ్గర దించింది. కూరగాయల బస్తాలు దింపుతున్నారు. ఈ పేటకు పేరిచ్చిన మాదన్న గోల్కొండ తానీషా దగ్గర మంత్రి. ఆయననూ సోదరుడు అక్కన్ననూ 1686లో చంపేశారు. మన భద్రాచలం గుడి కట్టించిన గోపన్న వీళ్ళ మేనల్లుడని చెప్పుకుంటారు. అలా చూస్తే ఈ పేట మనకు మరీ పరాయిదేం కాదు. కానీ ఆ పొద్దున మెట్లెక్కుతుంటే పరాయి ఇంటికి దొంగల్లా వెళ్తున్నట్టే అనిపించింది.

గదిలో గ్యాస్ పొయ్యి. దాని పక్కన మాడి నల్లబడ్డ అల్యూమినియం గిన్నె. కింద టైర్ల దుకాణం నుంచి తెచ్చిన బ్యాలెన్సింగ్ ముక్కలు, అంటే చక్రానికి బరువు సరిచేయడానికి కొట్టే సీసం ముక్కలు. కిటికీలో మా తాత అచ్చు. సంక్రాంతికి వచ్చినప్పుడు చూరులోంచి తీసుకుపోయాడట, మాకు చెప్పకుండా. పక్కన పళ్ళెంలో వల గుళ్ళు ఇరవై దాకా, గుండ్రటివి నాలుగు.

వాడి ముంజేతి మీద బొబ్బలు. మేం అడగకముందే వాడే మొదలుపెట్టాడు.

"వేరే దేశాల్లో ఇళ్ళల్లోనే పోసుకుంటున్నారు పెదనాన్నా. ఎలా మొదలుపెట్టాలో ఫోనులో చూశా. మన తాత కూడా ఇంట్లోనే పోసేవాడని మీరే చెప్పారుగా."

"వాళ్ళు చూపించినవన్నీ పెట్టుకున్నావా? కళ్ళద్దాలు, చేతి తొడుగులు, గాలాడే చోటు?"

"అవన్నీ ముందు చెప్తారు. అది దాటేసి అచ్చు దగ్గర్నుంచి చూశా."

వాడి పెద్దమ్మకు కోపం వచ్చింది. తర్వాత నవ్వూ వచ్చింది. మేం కథ చెప్పిన తీరూ అదే కదా. ముందు చెప్పాల్సింది దాటేసి అచ్చు దగ్గర్నుంచి చెప్పాం.

ఆ దాటేసిన భాగం ఇక్కడ రాస్తున్నాం.

సీసం 327 డిగ్రీల వేడికి కరుగుతుంది. ఇనుముకు 1,500 డిగ్రీలు పైన కావాలి, కొలిమి కావాలి, తిత్తి కావాలి. సీసానికి వంట పొయ్యి చాలు. అందుకే అది మన ఇళ్ళల్లోకి అంత సులువుగా వచ్చింది. ఇనుముకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తన. వలకూ తుపాకికీ ఇంతకన్నా తేలికగా దొరికే లోహం లేదు. పాత బ్యాటరీ పలకలు తెచ్చి తాత కరిగించేవాడు.

కరిగిన సీసం నీళ్ళను ఓర్చుకోదు. తడి చుక్క ఒకటి దాని కిందికి పోతే ఆ క్షణంలోనే ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. పైనున్న సీసాన్ని పిడికెళ్ళతో విసిరినట్టు చిమ్ముతుంది. మావాడు టైరు ముక్కలను బురద పోవాలని కడిగి, ఆరకముందే గిన్నెలో వేశాడు. చేతి మీద పడింది. ఒక జానెడు పైకి పడితే కళ్ళే పోయేవి. తాత అయితే సీసం ముక్కలను ముందు రోజంతా ఎండలో పెట్టేవాడు, అచ్చును నిప్పు పక్కన పెట్టి వెచ్చగా అయ్యాకే పోసేవాడు. ఎందుకో మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తాత ఇంట్లో పోసేవాడన్న మాటా నిజం కాదు. ఇంటి వెనక ఇప్పచెట్టు కింద పోసేవాడు. గాలి ఎటు వీస్తుందో చూసి కూర్చునేవాడు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ఆ పక్కకు రానిచ్చేవాడు కాదు. అంతవరకూ ఆయనకు తెలుసు. కానీ పిల్లలం చుట్టూ కూర్చుంటే ఏమీ అనేవాడు కాదు. గుంటల్లో తెల్లగా మెరిసేది గట్టిపడి బూడిదరంగు తిరగడం చూస్తూ కూర్చునేవాళ్ళం. కరిగిన సీసం పైన తెట్టులా తేలే మడ్డిని ఆయన గరిటెతో తీసి పక్కన పారబోసేవాడు. ఎండాక అది పొడి అవుతుంది. ఆ పొడిలోనే మేం ఆడుకున్నాం. అదే చేతులతో అంబలి తాగాం.

మా అందరిలోకీ మా నడిపి తమ్ముడు తాతను అంటిపెట్టుకుని ఉండేవాడు. గుళ్ళను నోట్లో పెట్టుకుని, పంటితో నొక్కి వల తాడుకు బిగించేవాడు. ఎంత చురుగ్గా చేసేవాడో! బడిలో మాత్రం వాడికి చదువు రాలేదు. అక్షరాలు ఈ రోజు వస్తే రేపు పోయేవి. ఎప్పుడూ కడుపునొప్పి అనేవాడు. రక్తం తక్కువ. ఎవరో చేతబడి చేశారని ఇంట్లో అనుకున్నారు. బడిలో మొద్దు అన్నారు. మేమూ అన్నాం. టీచరు శిక్షణకు వెళ్ళి పిల్లల మనస్తత్వం గురించి పరీక్షలు రాసి వచ్చాక కూడా, మా తమ్ముణ్ణి మేం మొద్దు అనే అన్నాం.

వాడి చదువు సీసం వల్లే పోయిందని చెప్పలేం. ఆ రోజుల్లో ఎవరూ రక్తం పరీక్ష చేయలేదు. మలేరియా ఉంది, ఆకలి ఉంది, మన భాష కాని భాషలో చదువు ఉంది. కానీ సీసం చేసే పనులేమిటో చదివినప్పుడు మా తమ్ముడి ముఖమే కనబడింది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నిలవని మనసు, వెనకబడే చదువు. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేదానికన్నా పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒంట్లో చేరింది ఎముకల్లోకి పోయి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. ఆడపిల్ల ఎముకల్లో దాగింది ఆమె తల్లి అయ్యేనాడు కడుపులో బిడ్డకు పోతుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దేదీ సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకన్నా ఎక్కువ సీసం ఉంది. ఆ పిల్లల్లో కొందరు మన తరగతుల్లో చివరి వరసలో కూర్చుని ఉండవచ్చు.

ఇదంతా ఆ గదిలో మావాడికి చెప్పాం. మిగతా ఇద్దరు పిల్లలూ విన్నారు. అప్పుడు మావాడు అసలు సంగతి చెప్పాడు. వాడు గిన్నె దించి మడ్డిని మెట్ల మీద పారబోశాడు. ఇంటావిడ మనవరాలు, మూడేళ్ళ పిల్ల, రోజంతా ఆ మెట్ల మీదే ఆడుతుంది.

ఇంటావిడకు చెప్పాలా వద్దా? చెప్పకపోతే పాప సంగతి ఏమిటి? చెబితే ఈ నాలుగు గుండ్ల సంగతి ఏమిటి? 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. 2019లో శిక్షలు ఇంకా పెంచారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక విత్తనాల పండగ వేటకు పోవడమూ నేరమే. తుపాకి లేని గుండు వట్టి సీసం ముద్దే అని మనం అనుకోవచ్చు. ఏజెన్సీ పిల్లవాడి గదిలో అది దొరికితే ఏమని పిలుస్తారో మనలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

మావాడు తల వంచుకునే అన్నాడు. "పెదనాన్నా, ఇక్కడికి దగ్గర్లోనే మూసారాంబాగ్ పక్కన గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది. నిజాం సైన్యానికి ఫిరంగులు, గుండ్లు పోయించిన దొర. గన్‌ఫౌండ్రీ అని ఊరికి పేరే పెట్టుకున్నారు. వాళ్ళు పోస్తే చరిత్ర, మనం పోస్తే కేసా?"

ఆ ప్రశ్నను మేం కొట్టిపారేయలేదు. 1798లో చనిపోయిన ఆ ఫ్రెంచి దొరకు సమాధి ఉంది. కానీ ఆ ఫౌండ్రీలో మూస ముందు నిలబడి పొగ పీల్చిన కూలీలకు సమాధులు లేవు, పేర్లూ లేవు. "నువ్వు దొర వరసలో నిలబడాలనుకుంటున్నావు. ఈ గదిలో నువ్వు నిలబడింది ఆ కూలీ వరసలో" అంది వాడి పెద్దమ్మ. వాడు అల్లూరి మాటా ఎత్తాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకున్నారు. గాం గంటం దొర, మల్లు దొర ప్రాణాలకు తెగించింది తుపాకి మీద మోజుతో కాదు. అడవి పోయింది, పోడు పోయింది, కూలి ఇవ్వకుండా రోడ్లు వేయించారు. ఆ కోపం ఉన్నవాడు ముందు తన ఇంటి పిల్లల ఒంట్లో విషం పోయడు.

మధ్యాహ్నం మేమిద్దరం కిందికి వెళ్ళి ఇంటావిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. వల గుళ్ళూ చెప్పాం, నాలుగు గుండ్లూ చెప్పాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "సార్, నన్నిప్పుడు పోలీసుల దగ్గరికి పొమ్మంటరా, డాక్టరు దగ్గరికి పొమ్మంటరా?" అంది. "ముందు డాక్టరు దగ్గరికి పోదామమ్మా. తర్వాత మీ ఇష్టం" అన్నాం. పాపను ఎత్తుకుని మాతో వచ్చింది. రక్తంలో సీసం పరీక్ష చిన్న ల్యాబుల్లో ఉండదు. అడిగి రాయించుకోవాలి. పాపకూ ముగ్గురు పిల్లలకూ చేయించాం. ఫలితం వచ్చేదాకా మాకు నిద్రలేదు. పాపకు 5 కన్నా తక్కువ వచ్చింది. తక్కువ అంటే లేదని కాదు, ఆ ఒక్కరోజుతో ఆగింది గనక తక్కువ. మావాడికి పాపకన్నా కొంచెం ఎక్కువే ఉంది. ఇనుము, కాల్షియం ఉండే తిండి, అంటే ఆకుకూరలు, రాగులు, పాలు తింటే సీసం ఒంటికి తక్కువ పడుతుందని డాక్టరు చెప్పారు. రాగులు మన తిండే కదా అని మేం ముఖముఖాలు చూసుకున్నాం.

ఆ రెండు రోజులూ గది, మెట్లు శుభ్రం చేశాం. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, అందుకని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను మూటకట్టి పారేశాం. గిన్నెలో మళ్ళీ ఎవరూ వండకుండా అడుగు పొడిచేశాం. గుండ్రటి నాలుగింటినీ మావాడు రాయితో కొట్టాడు. మట్టిముద్దల్లా అణిగిపోయాయి. మిగిలిన సీసమంతా పాత బ్యాటరీలు తీసుకునే దుకాణంలో ఇచ్చి వచ్చాడు. ఇంటావిడ పోలీసుల దగ్గరికి పోలేదు. పిల్లల్ని నెలాఖరుకు గది ఖాళీ చేయమంది. ఆమెను మేం తప్పుపట్టలేం.

అచ్చు మాతోనే ఊరికి వచ్చింది. దాన్ని గట్టి కవరులో చుట్టి, మేకు కొట్టి మూసిన పెట్టెలో పెట్టాం. దాని గుంటల్లో ఇంకా సీసం పొడి ఉంటుంది, పిల్లల చేతికివ్వం. కానీ తాత విద్య కూడా పెట్టెలో మూతపడటం మాకు ఇష్టం లేదు. అందుకని బడిలో మట్టితో కొత్త అచ్చులు చేయించాం. రెండు చెక్కలు సరిగ్గా కలిసేటట్టు, గాలి పోయేందుకు సన్న దారి ఉండేటట్టు. సీసం బదులు తేనెపట్టు మైనం పోశాం. కరగబెట్టడం, పోయడం మేమే చేశాం, పిల్లలు కాస్త దూరంగా కూర్చుని చూశారు. ఘనం ద్రవమవడం, ద్రవం పాత్ర ఆకారం పట్టడం, చల్లారి కుదించుకుపోవడం, పాఠంలో ఉన్నదంతా అక్కడ కనబడింది. వలలకు ఇనుప గొలుసు కట్టడం ఊళ్ళో ఇద్దరు మొదలుపెట్టారు.

ఆ రోజు మైనం పోస్తుంటే మా నడిపి తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాం. పిల్లలకు అచ్చు ఎలా బిగించాలో వాడే చూపించాడు. అన్ని అచ్చుల్లోకీ వాడు బిగించిందొక్కటే కారలేదు. పిల్లలు వాణ్ణి "సార్" అని పిలిచారు. మేం తల తిప్పుకున్నాం.

తోటి టీచర్లకు ఒక్క మాట. చివరి వరసలో పిల్లవాడు రోజూ కడుపునొప్పి అంటే, నేర్చింది నిలవకపోతే, మొద్దు అనే ముందు వాళ్ళింటికి వెళ్ళండి. ఇంట్లో వల గుళ్ళు పోస్తున్నారా, పాత బ్యాటరీలు పగలగొడుతున్నారా, ఆ చేతులతోనే అన్నం తింటున్నారా చూడండి. యువకులకు ఒక్క మాట. తాతల విద్య అడగండి, తప్పకుండా అడగండి. అడిగేటప్పుడు ఆయన గాలి ఎటు చూసి కూర్చున్నాడో కూడా అడగండి. చెప్పేవాళ్ళం మేం కూడా ఇకమీదట మొదటి నుంచీ చెబుతాం.