బ్రస్సెల్స్ మీద ఆ అనుమానం

బ్రస్సెల్స్ నుంచి సాగే యూరోపియన్ యూనియన్ పాలన మీద యూరప్ జనానికి ఉన్న అపనమ్మకమంతా జాతీయవాదుల ప్రచారమేనంటే నేను ఒప్పుకోను. అందులో చాలా భాగం అనుభవం నేర్పినది. 2006 నాటి డేటా నిల్వ ఆదేశాన్నే చూడండి. మాడ్రిడ్, లండన్ బాంబు పేలుళ్ల తర్వాత హడావిడిగా తెచ్చిన చట్టమది. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఫోన్ చేశారో కంపెనీలు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా భద్రపరచాలని అది చెప్పింది. మాట్లాడిన మాటలు దాచరు కదా అన్నారు. అర్ధరాత్రి ఆసుపత్రికి, తెల్లారగానే లాయరుకు చేసిన ఫోన్లు పక్కపక్కన కనిపిస్తే ఇక మాటలతో పనేముంది? అనుమానితులనీ కానివారనీ తేడా లేదు. యూరప్‌లో ఉంటూ ఇక్కడ ఓటు లేని మన తెలుగువాళ్లు గుంటూరుకో కరీంనగర్‌కో చేసుకునే ఫోన్లూ ఆ లెక్కలోకే వచ్చేవి.

ఉగ్రవాదాన్ని ఆపొద్దా అని అడిగేవారిని నేను తేలిగ్గా తీసుకోను. చనిపోయినవాళ్లు నిజం, భయమూ నిజం. కానీ కొందరిని పట్టుకోవడానికి కోట్లమంది చిట్టా రాయడం వేరే పని. పైగా ఆ ఆదేశం వచ్చిన దారి చూడండి. తమ దేశంలో ఒప్పించడం కష్టమైనదాన్ని మంత్రులు బ్రస్సెల్స్‌లో సాటి మంత్రులతో కలిసి ఆమోదించుకుని, ఇంటికొచ్చి ‘యూనియన్ చట్టం, తప్పదు’ అనవచ్చు. జర్మనీలో దాదాపు 34,000 మంది కోర్టుకెక్కితే, 2010లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఆదేశం అమలుకు దేశం చేసుకున్న చట్టాన్ని కొట్టేసింది. అయినా 2012లో యూరోపియన్ కమిషన్ జర్మనీని లక్సెంబర్గ్‌లోని యూనియన్ కోర్టుకు లాగి, ఆదేశాన్ని అమలు చేసేదాకా రోజుకు 3 లక్షల యూరోలకు పైగా జరిమానా వేయమంది. ఇంట్లో గెలిచిన హక్కుకు బయట జరిమానా అడిగితే నమ్మకం ఎలా మిగులుతుంది?

యూనియన్ కోర్టే 2014 ఏప్రిల్ 8న ఆ ఆదేశాన్ని రద్దు చేసింది కదా అంటారు. నిజమే, ఆ తీర్పు మీద నాకు గౌరవం ఉంది. అయితే అది దానంతట అది రాలేదు. ఐర్లాండ్‌లో ఒక హక్కుల సంఘం, ఆస్ట్రియాలో పదకొండు వేలకు పైగా జనం కేసులు వేస్తే వచ్చింది, అదీ ఎనిమిదేళ్లకు. ఎన్నికైన పార్లమెంటు ఉందిగా అన్నది మరో వాదన. ఉంది, కానీ చట్టాన్ని ప్రతిపాదించే అధికారం దానికి లేదు, కమిషన్‌దే. ఆ సభే 2005 డిసెంబరులో 197కు వ్యతిరేకంగా 378 ఓట్లతో ఈ ఆదేశానికి తల ఊపింది. 2022లో, పిల్లలపై లైంగిక అకృత్యాలను అరికట్టాలన్న మంచి లక్ష్యంతోనే, అందరి ప్రైవేటు సందేశాలనూ తనిఖీ చేయించగల ప్రతిపాదనను కమిషన్ తెచ్చింది. ఈసారి మాత్రం, 2023లో, అదే సభ తనిఖీ అనుమానితులకే పరిమితం కావాలనీ, ఎన్‌క్రిప్షన్ జోలికి పోవద్దనీ పట్టుబట్టింది. మధ్యలో ఆ వేలమంది అనుమానించి కోర్టు మెట్లు ఎక్కకపోయి ఉంటే సభ ఇంత దూరం వచ్చేదని నేననుకోను.