నొప్పి అయితే చెప్పల్ల: జుట్టు నాటే ఆపరేషన్ గురించి మనోళ్లకు



మేము హిందూపురం హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. ఇద్దరిది పెనుకొండ పక్క తాండా, ఒకరిది ధర్మవరం దగ్గర తాండా, ఇంకొకరిది ధర్మవరం టౌన్‌లో ఉండే ఎరుకల కుటుంబం. ఈ మధ్య హాస్టల్లోనూ, పండగకు ఊరికి పోతే అక్కడా, మగపిల్లోళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే నొప్పి ఉంటాదా?" ఫోన్లో వచ్చే వీడియోలన్నీ నొప్పే ఉండదంటాయి. చేయించుకున్నోళ్లు టోపీ పెట్టుకుని తిరుగుతారు గానీ నోరు విప్పరు. మా పక్క రూములో ఇరవై ఏళ్ల దోస్త్ ఒకడు ఐదు వేలు అడ్వాన్స్ కట్టేసినాడు. మిగతాది లోన్ యాప్‌లో తీస్తానంటున్నాడు. వాడొక్కడికే చెప్తే చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాం.

మా తాండా అన్న ఒకాయన పోయిన ఏడాది బెంగళూరులో ఈ ఆపరేషన్ చేయించుకున్నాడు. 29 ఏళ్లు, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. రెండు పెళ్లి సంబంధాలు తల చూసి వెనక్కి పోయినాయి. మా తాతల కాలంలో తలపాగా ఉండేది, ఎవరి తల ఎట్లుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు పెళ్లిచూపుల కంటే ముందే ఫోటో పోతుంది. సంతకం పెట్టాల్సిన కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయని, "మన ఇళ్లల్లో కాలేజీకి పోయినోళ్లు మీరే కదప్పా, చదివి చెప్పండి" అని అన్న మమ్మల్ని తోడు పిలిచినాడు. ఇద్దరం పోయినాం. పేరు రాయకుంటే ఎంతైనా రాసుకోండి అన్నాడు కాబట్టి రాస్తున్నాం.

ముందు ఆపరేషన్ ఏందో తెలుసుకోవల్ల. తిరుమలలో, కదిరిలో మొక్కు తీర్చి ఇచ్చిన జుట్టు తెచ్చి నాటుతారని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అది కాదు. వేరేవాళ్ల జుట్టు నాటితే శరీరం ఒప్పుకోదు. ఎవరి తల వెనక భాగం జుట్టు వాళ్లకే ముందుకు తెచ్చి నాటుతారు. మగవాళ్లకు వచ్చే బట్టతలలో నుదురు, నడినెత్తి జుట్టు ఒక హార్మోను ప్రభావానికి సన్నబడి రాలిపోతుంది. వెనకాల జుట్టు ఆ హార్మోనుకు లొంగదు. అక్కడి నుంచి తీసి ముందు నాటినా ఆ గుణం పోదని న్యూయార్క్ చర్మ డాక్టర్ నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించినాడు. అంతకు ముందే, 1939లో, జపాన్‌లో షోజీ ఒకుడా అనే డాక్టర్ కాలిన గాయాలతో జుట్టు పోయినవాళ్లకు ఇట్లా నాటినాడు.

పద్ధతులు రెండు. ఒకదాంట్లో తల వెనక నుంచి చర్మాన్ని సన్న పట్టీలా కోసి కుట్లు వేస్తారు. దీన్ని ఎఫ్‌యూటీ అంటారు. ఇంకోదాంట్లో మిల్లీమీటరు లోపు ఉండే గుండ్రటి పనిముట్టుతో ఒక్కో కుదురూ తవ్వి తీస్తారు. ఇది ఎఫ్‌యూఈ. ఆ కుదుర్లనే గ్రాఫ్టులు అంటారు. పట్టీ పద్ధతిలో తర్వాతి రోజుల్లో వెనక భాగం బిగిసి లాగినట్టు నొప్పి ఎక్కువ, గీత లాంటి మచ్చ ఉంటుంది. తవ్వే పద్ధతిలో ఆ నొప్పి తక్కువ, మచ్చలు చుక్కల్లా ఉంటాయి. అన్న చేయించుకున్నది ఎఫ్‌యూఈ, 1,800 గ్రాఫ్టులు.

ఇప్పుడు నొప్పి సంగతి. మొత్తం ఆపరేషన్‌లో బాగా నొప్పి పుట్టేది మొదట్లో వేసే మత్తు సూదులకే. మనిషిని నిద్రపుచ్చరు, తల మాత్రమే మొద్దుబారేట్టు లిగ్నోకైన్ అనే మందు చర్మంలోకి ఎక్కిస్తారు. నెత్తి చర్మంలో నరాలు ఎక్కువ, కింద ఎముక గట్టిగా ఉంటుంది, మందు ఎక్కే కొద్దీ చర్మం ఉబ్బి లాగుతుంది. ఆ మందుకు కొంచెం పులుపు గుణం ఉండడంతో మంట కూడా పుడుతుంది. తల వెనకాల కొన్ని సూదులు, తర్వాత నుదుటి మీద కొన్ని. అన్న మాటల్లో చెప్పాలంటే "కందిరీగలు గుంపుగా కుట్టినట్టుంది, ఐదు నిమిషాలకు నా తల నాది కానట్టయింది." సోడియం బైకార్బొనేట్ కలిపి మందు పులుపు తగ్గించడం, సన్న సూది వాడటం, మెల్లగా ఎక్కించడం, పక్కన ఐసు పెట్టడం లేదా వణికే పరికరం ఆనించడం, ఇవన్నీ ఆ మంటను తగ్గిస్తాయి. సూది లేకుండా గాలి ఒత్తిడితో మందు పంపే పరికరం ఉందని కొందరు ప్రచారం చేసుకుంటారు. తగ్గుతుంది అంటే నమ్మొచ్చు. అసలు ఉండదు అంటే నమ్మొద్దు.

తర్వాత మూడు గంటలు బోర్లా పడుకోవల్ల. నొప్పి తెలియదు గానీ టిక్ టిక్‌మని శబ్దం, లాగినట్టు అనిపించడం, మెడ పట్టేయడం ఉంటాయి. మధ్యలో తిండికి లేపినారు. ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి ముందు భాగంలో సన్న చీలికలు చేసి కుదుర్లు నాటినారు. పొద్దున తొమ్మిదికి మొదలైంది సాయంత్రం ఐదుకు అయిపోయింది.

మేము ఈ పోస్టు రాయడానికి అసలు కారణం మధ్యాహ్నం జరిగినది. కుడి కణత దగ్గర మత్తు దిగిపోయింది. మత్తు దిగడం మామూలే, అంతసేపు ఒక్క మోతాదు నిలవదు, మళ్లీ వేస్తారు. కానీ అన్న చెప్పలేదు. ఒక్కో చీలిక తెలుస్తుంటే పండ్లు బిగించి లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు. పిడికిలి బిగిసింది చూసి డాక్టర్ కన్నడలో "నోవాగ్తిదెయా?" అని అడిగినా "లేదు సార్" అనే అన్నాడంట. కంటి పక్క నుంచి నీళ్లు కారినప్పుడు గానీ వాళ్లకు అర్థం కాలేదు. ఇంకో సూది వేసినారు, రెండు నిమిషాల్లో నొప్పి పోయింది. "చెప్పకపోతే మాకెట్లా తెలుస్తుందప్పా" అన్నాడంట డాక్టర్.

తిరుగు రైల్లో గౌరిబిదనూరు దాటినాక అన్న ఇది చెప్పినాడు. ఎందుకు చెప్పలేదన్నా అని అడిగితే రెండు కారణాలు చెప్పినాడు. ఒకటి, మగోడు ఓర్చుకోవల్ల. రెండు, ఇంకో సూదికి ఇంకా డబ్బులు అడుగుతారేమో.

ఈ రెండు కారణాలూ మనందరి ఇళ్లల్లో ఉన్నవే. మణికట్టు విరిగినా శెనక్కాయ చేనులో సాయంత్రం దాకా పీకిన అవ్వలు మనకున్నారు. కాన్పు గదిలో అరవొద్దని కసిరితే నోట్లో కొంగు కుక్కుకున్న యాడిలు మనకున్నారు. నొప్పి చెప్తే వినేవాళ్లు లేక ఓర్చుకోవడం నేర్చుకున్నాం. దానికే మనోళ్లు గట్టోళ్లు అని పేరు పెట్టినారు. మనం కూడా అది మెప్పు అనుకున్నాం. అడవిలో, చేనులో అది పనికొచ్చిందేమో. ఆపరేషన్ బల్ల మీద మాత్రం అది ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో చెప్తాం. లిగ్నోకైన్‌కు హద్దుంది. అడ్రినలిన్ కలిపి వేసినప్పుడు మామూలు లెక్క కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు. 55 కిలోల మనిషికి 385 మిల్లీగ్రాములు. మన పిల్లోళ్లు చాలామంది సన్నగా ఉంటారు కాబట్టి బరువు తూయకుండా మందు వేసే చోట పడుకోకూడదు. మోతాదు ఎక్కువైతే ముందు నాలుక, పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో హోరు, తల తిరగడం వస్తాయి. తర్వాత ఫిట్స్, గుండె మీద దెబ్బ. ఆ మొదటి గుర్తులు మిషన్ కంటే ముందు మనకే తెలుస్తాయి. అవి కూడా ఓర్చుకుంటూ పడుకుంటే ఎట్లా?

2016 మేలో చెన్నైలో 22 ఏళ్ల ఎంబీబీఎస్ ఫైనలియర్ విద్యార్థి ఈ ఆపరేషన్ తర్వాత చనిపోయినాడు. ఆ చోటికి ఉన్నది సెలూన్ లైసెన్సు అని తర్వాత తేలింది. కాన్పూర్‌లో ఇద్దరు ఇంజనీర్లు చనిపోయిన విషయం 2025లో పేపర్లలో వచ్చింది, అక్కడ చేసింది పళ్ల డాక్టర్ అని కేసు. ఇట్లాంటివి అరుదు, నిజమే. కానీ జరిగిన చోట్లలో ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు అనే ప్రశ్నే ముందుకొచ్చింది. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబర్‌లో స్పష్టంగా చెప్పింది: శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే ఇవి చేయాల, యూట్యూబ్‌లోనో వర్క్‌షాపులోనో చూసి నేర్చుకుంటే చాలదు.

ఆపరేషన్ తర్వాతి నొప్పి వేరే రకం. ఆ రాత్రి మత్తు పూర్తిగా దిగినాక తల వెనకాల సలుపు. డాక్టర్ రాసిన మాత్రకు అన్నకు తగ్గింది. రెండో రోజు నుంచి నుదురు వాచి, వాపు కళ్ల మీదికి దిగింది. నాలుగో రోజు అద్దంలో చూసుకుని భయపడినాడు, అది మామూలేనని ముందే ఎవరూ చెప్పలేదు. వారం పది రోజులు పొక్కులు, విపరీతమైన దురద, గోకకూడదు. తల ఎత్తుగా పెట్టి పడుకోవల్ల. తిమ్మిరి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. ఎండ, దుమ్ము, చెమట, బిగుతు హెల్మెట్ కొన్నాళ్లు తగలకూడదు. గొర్రెల వెంట పోయేవాడికి, బేల్దారి పనికి పోయేవాడికి, ఫ్యాక్టరీలో హెల్మెట్ తీయకూడనివాడికి ఇవి చిన్న షరతులు కాదు. అన్నకు పది రోజుల కూలీ పోయింది.

ఇంకో దెబ్బ ఆ తర్వాత ఉంది. రెండు నుంచి ఆరు వారాల లోపల నాటిన జుట్టు చాలావరకు రాలిపోతుంది. కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తుంది, పూర్తిగా కనపడటానికి ఏడాది పడుతుంది. ఇది తెలియక అన్న ఒక నెలంతా డబ్బులు బూడిదలో పోసినట్టే అనుకుని అన్నం సరిగా తినలేదు. సూది నొప్పి ఐదు నిమిషాలు, ఈ నొప్పి నెల. ముందే తెలుగులో ఒక్క మాట చెప్పుంటే ఇది ఉండేదే కాదు.

ఇరవై ఏళ్ల తమ్ముళ్లకు ప్రత్యేకంగా. ఈ వయసులో బట్టతల ఎంత దూరం పోతుందో ఇంకా తేలదు. ఇప్పుడు ముందు భాగంలో నాటిస్తే వెనకనున్న సొంత జుట్టు రాలుతూ పోయి, నాటిన వరస ఒక్కటే దీవిలా మిగలొచ్చు. వెనక నుంచి తీసే జుట్టు కూడా తరగని గని కాదు. అందుకే చాలామంది మంచి డాక్టర్లు ఈ వయసులో తొందర వద్దంటారు, ముందు మందులతో చూస్తారు. టైఫాయిడ్, డెంగీ వచ్చిపోయిన రెండు మూడు నెలలకు గుత్తులుగా రాలే జుట్టు చాలావరకు దానంతటదే వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ వల్ల రాలితే వాటికి మందు వేయాల. ఇవేవీ చూడకుండా తేదీ ఇచ్చే చోటికి పోవద్దు. ఇది అందం కోసం చేసేది కాబట్టి వైద్య సేవ కార్డు చెల్లదు, అప్పు మొత్తం మన నెత్తినే.

పోవాలనే నిర్ణయించుకుంటే మేము తప్పు పట్టం. తల చూసి నవ్వించుకోవడం ఎట్లుంటాదో నవ్వేవాళ్లకు తెలియదు. పోయే ముందు ఇవి అడగండి. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఏంది? మొత్తం సేపు ఆయన గదిలో ఉంటాడా, సహాయకులకు వదిలేసి పోతాడా? నా బరువుకు ఎంత మత్తు మందు వేస్తారు? తేడా వస్తే ఆక్సిజన్, మందులు ఇక్కడ ఉన్నాయా, ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు? మధ్యలో మళ్లీ మత్తు వేస్తే వేరే డబ్బులా? కాగితంలో ఏముందో తెలుగులో చెప్తారా? అర్థమయ్యేట్టు చెప్పించుకుని ఒప్పుకోవడం రోగి హక్కు, అది వాళ్లు చేసే దయ కాదు.

సికిల్ సెల్ విషయం కూడా మన గిరిజనులు మర్చిపోకూడదు. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. మీ పరీక్ష ఫలితం ఏందో తెలుసుకోండి, ఏ ఆపరేషన్‌కైనా ముందు డాక్టర్‌కు చెప్పండి. షుగర్, వేసుకునే మాత్రలు, ముందు ఏదైనా సూది పడకపోవడం, అన్నీ చెప్పండి.

ఈ పోస్టు మా దోస్తుకు ముందే చదివి వినిపించినాం. పైన రాసిన ప్రశ్నలు ఫోన్లో అడుగుతానన్నాడు, జవాబు రాకపోతే అడ్వాన్స్ వెనక్కి అడుగుతాడంట. ముందు చర్మ డాక్టర్‌కు చూపించుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. లోన్ యాప్ సంగతి ఇంకా తేలలేదు, మాట్లాడుతూనే ఉన్నాం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క ఎవరైనా పోతుంటే ఒంటరిగా పోవద్దు. మాకు మెసేజ్ పెట్టండి, సెలవు రోజైతే మాలో ఒకరం వస్తాం, కాగితాలు చదివి చెప్తాం. బల్ల మీద పడుకున్నాక మాత్రం మీ నోరే మీకు తోడు. నొప్పి పుడితే తెలుగులో చెప్పండి, గోర్ బోలిలో చెప్పండి, చెయ్యెత్తి చూపండి. రెండోసారి కూడా చెప్పండి.