మారిషస్‌లో సముద్రం ఒక్కటే కాదు!

మారిషస్ అనగానే మీకేం గుర్తొస్తుంది? తెల్లని ఇసుక, నీలి సముద్రం, కొత్త దంపతుల ఫోటోలు... అంతేగా? కానీ తీరం వదిలి లోపలికి వెళితేనే అసలు మారిషస్ కనిపిస్తుంది. మన తెలుగువాళ్లకైతే మరీను!

ఒక్క పంటనే నమ్ముకున్న రైతు కష్టం మీకు తెలిసిందే. మారిషస్ చాలాకాలం చెరకునే నమ్ముకుంది. ఆ తర్వాత సముద్రతీరాన్ని నమ్ముకుంది. 2020లో ఏమైందో చూడండి. మార్చిలో కరోనా వల్ల పర్యాటకుల రాక ఆగిపోయింది. జూలై 25న వకాషియో అనే ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బలెక్కేసింది. ఆగస్టులో దాన్నుంచి సుమారు 1,000 టన్నుల చమురు నీళ్లలో కలిసింది. దాన్ని ఆపడానికి జనం చెరకు ఆకులు గుడ్డల్లో కూరి, కుట్టి అడ్డుకట్టలు కట్టారు. కొందరు తమ జుట్టే కత్తిరించి ఇచ్చారు! తీరం దెబ్బతింటే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగదో కదా. అందుకే పర్యాటకులు ద్వీపం లోపలికీ రావాలి.

ముందు రాజధాని పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ చూడండి. బానిసత్వం రద్దయ్యే రోజుల్లో మొదలుపెట్టి, 1834 నుంచి 1920 వరకు సుమారు 5 లక్షల మంది కూలీలను మారిషస్‌కు రప్పించారు. ఎక్కువమంది మన దేశంవాళ్లే. వాళ్లు దిగిన రేవు ఇదే. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చారని మనవాళ్లకు 'కోరంగి'లనే పేరు పడింది. ఇప్పుడు ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు!

నైరుతి మూలన ల మోర్న్ కొండ ఉంది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటది. 2008లో దానికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. దగ్గర్లోనే షమారెల్ రంగుల మట్టి దిబ్బలు. ఇంకాస్త పైకి గంగా తలావ్. శివరాత్రికి భక్తులు కాలినడకన అక్కడికి చేరుకుంటారు. ఉత్తరాన పాంప్లెమూస్ తోటలో పళ్లేలంత పెద్ద తామరాకులు పిల్లలకు భలే నచ్చుతాయి. ఆ పక్కనే మూతపడిన చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియంగా మార్చారు.

ఆకలేస్తే హోటలుకు పరుగెత్తకండి. వీధి బండి మీద ధోల్ పురీ అడగండి. ఉడికించిన పప్పును పొడి చేసి, పిండిముద్దలో పెట్టి, పల్చగా వత్తి కాలుస్తారు. మన బొబ్బట్టుకు చెల్లెలే, బెల్లం ఒక్కటే ఉండదు. రెండేసి కలిపి, గింజల కూర, టమాటా కూర, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. మీరిచ్చే డబ్బు నేరుగా ఓ ఇంటి వంటగదికి చేరుతుంది.

వెళ్లేవారు గమనించండి: మే నుంచి అక్టోబరు దాకా చల్లగా ఉంటుంది. కొండల మీద ఎప్పుడైనా చినుకు పడొచ్చు కాబట్టి గొడుగు, స్వెట్టరు మరవకండి. ఐదు రోజులు ఉండేట్టయితే, కనీసం రెండు రోజులు లోపలి ఊళ్లకు కేటాయించండి. టిక్కెట్లు కొనేముందే ఈ మాట ఇంట్లో చెప్పి ఒప్పించండి!