తిట్టునే పేరుగా పెట్టుకున్నవాళ్లు

మాకున్న పేర్లలో మేం పెట్టుకున్నవి తక్కువ. ఊళ్లో సాయిబులం. బడిలో తురకోళ్లం. దూదేకే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమైతే పింజారీలం. పింజారీ అన్నది ఒక శ్రమ పేరు, ఆ శ్రమ చేసే కులం పేరు. విల్లుతో దూది ఏకి ఊరందరి పరుపుల్నీ మెత్తగా చేసిన చేతుల పేరు. తెలుగువాళ్ల నోట్లో పడి అది తిట్టయింది. మన సినిమాల్లో విలన్ని తిట్టాలన్నా, జోకర్ని తిట్టాలన్నా ఆ మాటే. అది వినపడగానే హాలంతా నవ్వు. ఆ నవ్వుల మధ్య ఎటు చూడాలో తెలియక మేం తెరవైపే చూసేవాళ్లం.

అలాంటి మాకు, సముద్రాలు దాటి చదువుకోసం వెళ్లాక, తిట్టునే పేరుగా తగిలించుకుని గిటార్లు పట్టుకున్న కుర్రాళ్లు ఎదురయ్యారు. వాళ్ల బ్యాండ్ పేరు ‘ద కోమినాస్’. కమీనా అంటే ఏమిటో ఉర్దూ తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు. నీచుడు, తుచ్ఛుడు. 2005లో అమెరికాలోని బాస్టన్ ప్రాంతంలో బాసిం ఉస్మానీ, షాజహాన్ ఖాన్ అనే ఇద్దరు పాకిస్తానీ మూలాల యువకులు దాన్ని మొదలుపెట్టారు. తర్వాత మరికొందరు కలిశారు. పత్రికలు ‘ముస్లిం పంక్’ అని రాసిన ఆ బ్యాండులో గిటార్ వాయించినవాళ్లలో ఒకరి పేరు అర్జున్ రే. ఆ సంగతి మాకు మొదట్లోనే నచ్చింది.

పంక్ అంటే ఏమిటని మన పాఠకులు అడగొచ్చు. ఆ మాట కూడా ఇంగ్లీషులో తిట్టే. పనికిమాలినవాడు, పోకిరీ అని. 1970ల నడుమ న్యూయార్కులో, లండన్లో పుట్టిన సంగీతం అది. గురువు అక్కర్లేదు, ఏళ్ల తరబడి సాధన అక్కర్లేదు. గిటారు మీద మూడు పట్లు వస్తే చాలు. రెండు మూడు నిమిషాల పాట. గొంతు బాగుండాలన్న నియమం లేదు, చెప్పాల్సింది ఉండాలి. పెద్ద కంపెనీల దయ లేకుండా వాళ్లే రికార్డు చేసుకుని, గుమ్మం దగ్గర వాళ్లే అమ్ముకునేవారు. గద్దర్ పాటకి గజ్జె, గొంగళి చాలినట్టే వీళ్లకి ఒక అరిగిపోయిన గిటారు చాలు. పోలిక అక్కడితో ఆగుతుంది. గద్దర్ వెనక ఒక ఉద్యమం ఉంది. వీళ్ల వెనక ఉన్నది ఒంటరితనం.

ఈ కుర్రాళ్లకి ముందు ఒక పుస్తకం ఉంది. మైకేల్ ముహమ్మద్ నైట్ అనే, ఇస్లాం స్వీకరించిన తెల్ల యువకుడు ‘ద తఖ్వాకోర్స్’ అని ఒక నవల రాశాడు. మొదట జిరాక్సు తీసి, స్పైరల్ బైండింగు చేసి తనే పంచాడు. 2004లో ఒక చిన్న ప్రచురణ సంస్థ అచ్చు వేసింది. అల్లా పట్ల భయభక్తి అనే ‘తఖ్వా’కీ, పంక్‌లో ఉగ్రమైన ‘హార్డ్‌కోర్’కీ ముడిపెట్టిన పేరు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఒక పాత ఇల్లు. అందులో ముస్లిం పంకులు. అక్కడే నమాజు, అక్కడే రచ్చ. రాబియా అనే అమ్మాయి బుర్ఖా వేసుకుంటుంది, ఆ బుర్ఖా మీద బ్యాండ్ల పేర్లు కుట్టుకుంటుంది, మగవాళ్లకి కూడా నమాజు చదివిస్తుంది. అదంతా కల్పన. అలాంటి బ్యాండ్లు అప్పటికి లేవు. పుస్తకం చదివిన పిల్లలు ‘లేకపోతే మనమే ఉందాం’ అనుకున్నారు. సాహిత్యం జీవితాన్ని చూసి పుడుతుందని మేం చదువుకున్నాం. ఇక్కడ సాహిత్యాన్ని చూసి జీవితం పుట్టింది.

అంతకు పాతికేళ్ల ముందే లండన్లో ఒక అన్న ఉన్నాడని మాకు తర్వాత తెలిసింది. 1978 జనవరిలో, అప్పటికి ఇంకా ప్రతిపక్ష నాయకురాలైన మార్గరెట్ థాచర్, వేరే సంస్కృతివాళ్లు దేశాన్ని ముంచెత్తుతారని జనం భయపడుతున్నారని టీవీలో అంది. 1979లో దక్షిణ లండన్లో ముగ్గురు పాకిస్తానీ మూలాల కుర్రాళ్లూ ఒక తెల్ల కుర్రాడూ కలిసి బ్యాండ్ పెట్టి, దానికి ‘ఏలియన్ కల్చర్’ అని పేరు పెట్టారు. పరాయి సంస్కృతి అని! 1980లో ఒకే ఒక్క చిన్న రికార్డు తెచ్చారు. ఒక పక్క తెల్ల జాత్యహంకారుల దాడులు, ఇంకో పక్క ఇంట్లో పెద్దల కట్టుబాట్లు. రెంటి మధ్యా నలిగే పిల్లల సంగతి పాడారు. 1981కల్లా విడిపోయారు. రెండేళ్ల బతుకు, ఒక రికార్డు. అయినా వాళ్ల గురించి ఇవ్వాళ మేం తెలుగులో రాస్తున్నాం.

ఇక మా సంగతి. 2008 ప్రాంతంలో బాస్టన్ పక్క ఊళ్లో, ఒక అద్దె ఇంట్లో అయిదుగురం ఉండేవాళ్లం. గుంటూరు, కర్నూలు, నల్లగొండ జిల్లాల వాళ్లం. ఇద్దరిళ్లలో దక్కనీ ఉర్దూ, ముగ్గురిళ్లలో తెలుగే. ఉగాది సభకు వెళితే, పేరు చెప్పగానే ‘అరె, తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారే’ అని మెచ్చుకునేవాళ్లు. మా అమ్మ మాకు నేర్పిన భాష మాట్లాడినందుకు మాకు మెప్పు! మసీదుకు వెళితే, మా ఉర్దూ విని ‘ఇంతకీ మీరు ముసల్మానులేనా’ అన్నట్టు చూసేవాళ్లు. విమానాశ్రయంలో మాత్రం మా ముసల్మానుతనం మీద ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడ పక్కకి నిలబెట్టి అడిగేవాళ్లు.

ఒక శనివారం రాత్రి, ఒక ఇంటి నేలమాళిగలో మొదటిసారి కోమినాస్‌ని విన్నాం. చెవులు పగిలే మోత. పక్కవాడి చెమట మన చొక్కాకి అంటేంత ఇరుకు. పంజాబీ మాటలు సగం అర్థం కాలేదు. కానీ ఒకటి అర్థమయింది. ఆ గదిలో ఎవరూ ఎవర్నీ ‘నువ్వు అసలు ఎవరివి’ అని అడగలేదు. మా అయిదుగురికీ అంతకు ముందు అలాంటి గది దొరకలేదు.

2008లో వాళ్ల ఆల్బం వచ్చింది. పేరు ‘వైల్డ్ నైట్స్ ఇన్ గ్వాంటనామో బే’. విచారణ లేకుండా మనుషుల్ని ఏళ్ల తరబడి బంధించిన జైలును జల్సా రాత్రులతో జత చేసిన వెటకారం. అందులో ‘షరియా లా ఇన్ ద యు.ఎస్.ఎ.’ అన్న పాట 1976 నాటి సెక్స్ పిస్టల్స్ పాట పేరు మీద వేళాకోళం. మీరు దేనికి జడుసుకుంటారో అదే మేం అని పళ్లికిలించడం. మేం నవ్వాం. నవ్వుతూనే మా హైదరాబాదు గుర్తొచ్చింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే, చచ్చిందీ మావాళ్లే, పోలీసులు పట్టుకుపోయిందీ మావాళ్లనే. ఆ కుర్రాళ్లలో ఎందరో తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన ఉద్యోగం, తప్పిన పెళ్లి, వాడలో పడ్డ పేరు ఎవరు తిరిగిస్తారు? గ్వాంటనామో ఎక్కడో సముద్రంలో ఉందని మాకు ఎప్పుడూ అనిపించలేదు.

వాళ్లు బయటివాళ్లనే తిట్టి ఊరుకుంటే ఇంత రాసేవాళ్లం కాదు. 2007లో ఒక పాత స్కూలు బస్సుకి ఆకుపచ్చ రంగు వేసి, ఈ బ్యాండ్లన్నీ కలిసి ఊరూరా తిరిగాయి. షికాగోలో ఉత్తర అమెరికా ముస్లింల పెద్ద మహాసభ జరుగుతుంటే అక్కడ వేదికెక్కాయి. కెనడా నుంచి వచ్చిన ‘సీక్రెట్ ట్రయల్ ఫైవ్’ అమ్మాయిల బ్యాండ్. రహస్య సాక్ష్యాలతో కెనడాలో నిర్బంధించిన అయిదుగురు ముస్లింల మీద పెట్టుకున్న పేరది. ఆ నిర్బంధితుల పేరు మోస్తున్న ఆడపిల్లలు పాట అందుకున్నాక నిర్వాహకులు ఆపేశారు. పోలీసులు వచ్చి అందర్నీ బయటికి పంపారు. కౌమ్ కోసం పాడొచ్చు, కానీ ఆడగొంతుతో కూడదు!

ఇక్కడే మాలో మాకు పెద్ద వాదన. ఇంటి గుట్టు రచ్చకీడిస్తే శత్రువు చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా అని కొందరం. ఆ భయంతోనే కదా అక్కచెల్లెళ్ల నోరు నొక్కుతున్నది, సయ్యదులు దూదేకులవాళ్లకి పిల్లనివ్వనిది అని కొందరం. తెల్లవార్లూ చాయ్ తాగుతూ కొట్లాడుకున్నాం. కోమినాస్ దగ్గర మేం నేర్చుకున్నది ఈ కొట్లాటే. రెండు వైపులా ఒకేసారి మాట్లాడొచ్చు. అమెరికా బాంబుల్ని తిడుతున్న నోటితోనే మసీదు కమిటీని అడగొచ్చు. ఒకటి పూర్తయ్యేదాకా రెండోది ఆపమనేవాళ్లు రెండోది ఎప్పటికీ రానివ్వరు.

వాళ్లలో మాకు నచ్చనివీ ఉన్నాయి. నమ్మకం ఉన్న మా అమ్మీల ముందు ఆ పాటలు పెట్టలేం. గాయపరచడానికే గాయపరిచిన చోట్లు ఉన్నాయి. వాళ్ల ముస్లిం లోకం ఎక్కువగా పంజాబు నుంచి మొదలై బాస్టన్లో ఆగుతుంది. అందులో దూదేకుల లేడు, గోదావరి ఒడ్డు సాయిబు లేడు. ఇక 2009లో వాళ్ల మీద డాక్యుమెంటరీ వచ్చింది, 2010లో నవల సినిమా అయింది. ‘చూశారా, మంచి ముస్లింలు వీళ్లే’ అని పత్రికలవాళ్లు ఎగబడ్డారు. మన సెక్యులర్ మిత్రులకి ఒక మాట. బీరు తాగే ముస్లిం మీకు నచ్చడమూ, గడ్డం పెంచిన ముస్లిం అంటే మీకు జంకు కలగడమూ ఒకే చూపు నుంచి వస్తున్నాయి. ఆ బ్యాండువాళ్లు కూడా ఆ ముద్రకి విసిగి, మేం మా పాటలకే ప్రతినిధులం అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇన్నేళ్ల తర్వాత మాలో ఎవరి జుట్టూ నిక్కబొడిచి లేదు. కొందరికి జుట్టే లేదు. కొందరం తిరిగొచ్చాం, కొందరం అక్కడే ఉన్నాం. షాజహాన్ ఖాన్ 2021లో, సెప్టెంబర్ 11 తర్వాతి ఇరవయ్యేళ్ల తన బతుకు గురించి ‘కింగ్ ఆఫ్ ద వరల్డ్’ అని ఒక ఆడియో ధారావాహిక చేశాడు. మేమూ అతనితో పాటే పెద్దవాళ్లమయ్యాం.

మరి మిగిలిందేమిటి? మాలో ఒకడు సయ్యదుల పిల్లని చేసుకున్నాడు, దూదేకుల ఇంటిపేరు దాచకుండా. నిఖానామా అర్థం తెలుగులో చదివించాడు. మా చెల్లెలొకామె ఈద్ నమాజుకి ఆడవాళ్లకీ చోటు కావాలని ఊరి పెద్దల్ని అడిగింది. మొదటి ఏడాది లేదన్నారు, మూడో ఏడాది షామియానా కట్టారు. మేం మళ్లీ మన పుస్తకాల దగ్గరికొచ్చాం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోనే వచ్చింది. ‘జల్‌జలా’ 1998లో వచ్చింది. నిందని ముఖం మీద మచ్చగా కాక ముఖంగానే చూపిన పని మన భాషలో అప్పటికే జరిగింది. అది మాకు బాస్టన్ నేలమాళిగలో తెలిసింది. దారి ఏదైతేనేం, ఇంటికి చేర్చింది.

పోయినేడు మా పిల్లల బడిలో ఎవరో ఆ పాత తిట్టు తిట్టారు. మా అమ్మాయి ఏడవలేదు. ‘అవును, మా జేజినాయన దూదేకేవాడు, మీ జేజినాయన ఆ పరుపు మీదే పడుకున్నాడు’ అందట. మేం నేర్పలేదు. మా మాటల్లో ఎక్కడో విని ఉంటుంది.