సి నొక్కితే తెగేది

ప్రీమియర్ ప్రోతో మొదటి నెల నేను ఏడవలేదు కానీ, కీబోర్డు మీద మాత్రం గట్టిగానే కొట్టాను. ఎనిమిదేళ్లు ఎడియస్‌కి అలవాటు పడిన చెయ్యి నాది. అందులో ‘సి’ నొక్కితే కర్సర్ ఉన్నచోట క్లిప్పు రెండు ముక్కలవుతుంది. అంతే. ప్రీమియర్‌లో అదే ‘సి’ నొక్కితే ఏదీ తెగదు. చేతికి బ్లేడు వస్తుంది, ఎక్కడ కొయ్యాలో మళ్లీ మౌస్‌తో చూపించాలి. తెగిందనుకుని నేను ముందుకెళ్లిపోయేవాణ్ని. తిరిగి చూస్తే పెళ్లికొడుకు ఇంకా చెప్పులు విప్పుతూనే ఉండేవాడు.

ఇది 2014 నాటి మాట. అప్పుడే బోధన్ వదిలి నిజామాబాద్ ఖలీల్‌వాడీలో ఒక స్టూడియోలో చేరాను. చుట్టూ ఆస్పత్రులు, మందుల షాపులు, మధ్యలో మేము. పక్క సీట్లో నాకంటే ఆరేళ్లు చిన్న పిల్లగాడు ‘క్యూ’, ‘డబ్ల్యూ’ మీద రెండు వేళ్లు పెట్టి పియానో వాయించినట్టు పనిచేసేవాడు. వాణ్ని అడగడానికి సిగ్గేసింది. రాత్రిళ్లు యూట్యూబులో చూసి నేర్చుకున్నాను. కంట్రోల్-కె దగ్గర చెయ్యి కుదురుకోవడానికి మూడు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్ పట్టాయి.

మా వైపు ఎడిటింగ్ అనరు, మిక్సింగ్ అంటారు. వీహెచ్ఎస్ కాలంలో రెండు వీసీఆర్‌ల మధ్య మిక్సర్ పెట్టి, పువ్వుల్లోంచీ లవ్ గుర్తుల్లోంచీ పెళ్లికూతుర్ని బయటికి తెచ్చిన రోజుల నుంచి మిగిలిన మాట. మిక్సర్లు పోయినా మాట పోలేదు. బోధన్‌లో నేను పని నేర్చుకున్న మిక్సింగ్ సెంటర్ ఒకే గది, ఒక కానోపస్ కార్డున్న కంప్యూటర్, ఒక కూలర్. కూలర్ మనుషులకు కాదు, కంప్యూటర్‌కి. ఓనర్‌ని అన్నా అనేవాణ్ని, ఇప్పటికీ అంతే. క్రషింగ్ సీజన్ అయిపోయి చెరకు డబ్బులు చేతికొచ్చే రోజులకు పెళ్లిళ్లు ఊపందుకునేవి. ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిలో ఎప్పుడు తెల్లారేదో తెలిసేది కాదు.

నేను వెళ్లిపోతానన్నప్పుడు అన్న గొడవేమీ పెట్టుకోలేదు. ప్రీమియర్ ట్రయల్ వెర్షన్ ఒక రాత్రంతా ముందేసుకుని కూర్చున్నాడు. పొద్దున నేను వచ్చేసరికి స్క్రీన్ మీద ఒక్క కట్ కూడా లేదు. “నువ్ పో తమ్మీ. వీసీఆర్ల నుంచి దీనికి వచ్చినప్పుడే సగం పానం పోయింది. మళ్ల అఆలు దిద్దుడు నాతోని కాదు” అన్నాడు. అప్పటికి ఆయనకి నలభై ఒకటి. ఒకసారి మారినవాడికి రెండోసారి తేలికనుకుంటాం. మొదటిసారి ఏం పోయిందో లెక్క తెలిసినవాడికి నిజానికి భయం ఎక్కువ.

ఆ భయం బోధన్‌ది మాత్రమే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2011 జూన్‌లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదల చేసింది. అంతకుముందు వెర్షన్ మీద పెద్ద పెద్ద సినిమాలే తయారయ్యాయి. వాల్టర్ మర్చ్ ‘కోల్డ్ మౌంటెన్’ని కూర్చింది ఫైనల్ కట్‌లోనే. కొత్తదాంట్లో ట్రాకులు లేవు, క్లిప్పులు అయస్కాంతంలా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అసలు దెబ్బ వేరే: పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోవు. ఎడిటర్లు పిటిషన్లు పెట్టారు. అమెరికాలో కోనన్ ఓబ్రయన్ టీవీ షో ఎడిటర్లయితే దాని మీద ఒక వెటకారం వీడియోనే చేసి ప్రసారం చేశారు. మూడు నెలల తర్వాత, ఏడు నెలల తర్వాత కొన్ని సౌకర్యాలు తిరిగొచ్చాయి. కొందరు ఉండిపోయారు, చాలామంది ప్రీమియర్‌కి, ఆవిడ్‌కి వెళ్లిపోయారు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పాత ప్రాజెక్టు మళ్లీ ఎవడు తెరుస్తాడులే అనుకున్నాను. పెళ్లి డీవీడీ ఇచ్చేశాక ప్రాజెక్టుతో ఏం పని?

పని 2024లో పడింది. అప్పటికి నేను డావిన్సీ రిజాల్వ్‌కి కూడా మారాను. అందులో బ్లేడ్ ‘సి’ కాదు, ‘బి’. ఈసారి పెద్దగా బాధ లేదు, వేళ్లు తిట్టుకుంటూనే నేర్చుకున్నాయి. ఒక మధ్యాహ్నం బోధన్ రాకాసిపేట నుంచి ఒకాయన పాత డీవీడీ పట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్న షుగర్ ఫ్యాక్టరీలో పాన్ మీద పనిచేశారట. 2008లో ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్ వీడియో. కవర్ మీద అన్న సెంటర్ పేరుంది. లోపల పని నాది.

“నాన్నకు యాది ఉంటలేదు సార్. రాత్రి లేచి సైరన్ అయిందా అని అడుగుతుండు. ఫంక్షన్ రోజు సైరన్ మోగింది, నాకు బాగా యాదికున్నది. గీ డీవీడీల మొత్తం పాటనే ఉన్నది. పాట తీసేసి అసలు సౌండ్ ఇయ్యరాదు?”

పాట తీసెయ్యడం. వినడానికి ఎంత చిన్న పనో! ఉప్పు ఎక్కువైన కూరలోంచి ఉప్పు తియ్యమన్నట్టు. అసలు సౌండ్ డీవీడీలో లేదు. ఆడియోని విడదీసి, డిలీట్ కొట్టి, కింద పాట పరిచింది నేనే. అప్పట్లో ఫంక్షన్ల వీడియోకి అదే పద్ధతి. మాటలు, ప్లేట్ల చప్పుడు, సైరన్, అన్నీ మాకు చెత్తే.

బోధన్ గురించి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 1937లో పెట్టారు. నిజాంసాగర్ నీళ్లు, దాని కింద చెరకు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని చెప్పుకునేవాళ్లం. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. ఆ సైరన్‌తో గడియారాలు సరిచేసుకున్న ఊరు మాది. దాన్ని రికార్డు చేసి పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? పొద్దు పొడుపుని ఎవరూ రికార్డు చేసిపెట్టుకోరు కదా.

అన్నకి ఫోన్ చేశాను. పదేళ్లలో పండగలకి మెసేజ్‌లు తప్ప మాటల్లేవు. విషయం చెప్తే “రా” అన్నాడంతే. ఇరవై ఐదు కిలోమీటర్లు. జానకంపేట, ఎడపల్లి దాటాక బండి నెమ్మదించింది, రోడ్డు బాగానే ఉన్నా.

సెంటర్ ఇప్పుడు సగం జిరాక్స్ షాపు. వెనక గోనె సంచి కింద పాత కంప్యూటర్. ఎక్స్‌పీ మెల్లగా లేచింది. ప్రాజెక్టు తెరుచుకుంది. టైమ్‌లైన్ నిండా క్లిప్పులున్నాయి, ఒక్కదాంట్లోనూ బొమ్మ లేదు. డీవీ ఫైలు గంటకి పదమూడు జీబీ తినేది, పని అవగానే తుడిచేసేవాళ్లం. ఖాళీ డబ్బాలు, నా కోతలు మాత్రం ఎక్కడివక్కడే. అన్న కళ్లద్దాలు పైకి తోసి స్క్రీన్‌కి దగ్గరగా జరిగాడు. “గిది దండ. గిది మేనేజర్ మాట్లాడింది, లాంగ్ ఉన్నదని మూడు సార్లు కోసినవ్. గిది భోజనాలు.” బొమ్మ లేని టైమ్‌లైన్‌ని ఆయన చదువుతున్నాడు. రిజాల్వ్‌లో కలర్ గ్రేడింగ్ చేస్తాననే పొగరున్న నేను పక్కన నిలబడి చూశాను. 

“క్యాసెట్?” అన్నాను.

క్యాసెట్లు మేం దాచేవాళ్లం కాదు. ఒక్కోదాని మీద నాలుగైదు ఫంక్షన్లు తిరిగేవి. అయినా అన్న అటక మీది అట్టపెట్టె దింపాడు. పదిహేడు మినీ డీవీ క్యాసెట్లు. ఎప్పుడూ కొత్త ఫంక్షన్ పాతదానికంటే పొడుగ్గానే ఉండాలని లేదు. కొత్తది ఆగినచోట, దాని వెనకాల పాతదాని తోక బతికుంటుంది. మా ఆశంతా ఆ తోక మీదే. కెమెరాకి హెడ్ క్లీనర్ వేసి, ఫైర్‌వైర్ తగిలించి చూడటం మొదలుపెట్టాం. నా కొత్త కంప్యూటర్‌కి ఆ పోర్టే లేదు. ఫార్వర్డ్ కొడితే హెడ్ ఆగిపోతుందేమోనని భయం, అందుకని అన్నీ ప్లేలోనే. రెండు రోజులు. ఎవరెవరి పెళ్లిళ్లో, మొదటి పుట్టినరోజులో. మధ్యలో అన్న “డావిన్సీల ప్రాక్సీ ఎట్ల చేస్తవ్?” అని అడిగాడు, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు. చూపించాను.

పదకొండో క్యాసెట్ చివర్లో, ఎవరిదో బారసాల అయిపోయి నీలం తెర వచ్చాక, తొమ్మిది సెకన్లు దొరికాయి. భోజనాల బంతి. ఫోకస్ కూడా లేదు. వెనక ఎక్కడో దూరంగా సైరన్ మొదలైంది. దాని మీద ఒకాయన గొంతు: “సాంబార్! సాంబార్ ఇటు తేండ్రి!”

రాత్రి ఖలీల్‌వాడీకి వచ్చి రిజాల్వ్‌లో వేశాను. అందులో వాయిస్ ఐసొలేషన్ ఉంది, ఒక్క స్విచ్. నొక్కాను. సాంబార్ గొంతు అద్దంలా వచ్చింది. సైరన్ మాయమైంది. దాని దృష్టిలో మనిషి గొంతే అసలు, మిగతాదంతా చప్పుడు. దాని పని అది సరిగ్గా చేసింది. 2008లో నేను చేసినట్టే. స్విచ్ తీసేసి, పాత పద్ధతిలో ఈక్వలైజర్‌తో గంటన్నర కుస్తీ పట్టాను. సైరన్ కొంచెం పైకొచ్చింది, సాంబార్ కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆదివారం అన్నా నేనూ కలిసి రాకాసిపేట వెళ్లాం. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నారు. కొడుకు ఫోన్ చెవి దగ్గర పెట్టాడు. తొమ్మిది సెకన్లు అయిపోయాయి. ఆయన ఏమీ అనలేదు. బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాస్తున్నారు, చక్కెర పలుకు చూసేవాళ్లు చేసినట్టు. నేను సైరన్ సరిగ్గా వినపడలేదేమో అని క్షమాపణ మొదలుపెట్టబోయాను.

“మల్ల పెట్టు” అన్నారు.

మళ్లీ పెట్టాడు.

“సాంబార్ అడిగేటోడు మా సెంట్రిఫ్యూగలోడు” అన్నారు. “ఉన్నడా వాడు?”

కొడుకు మా వైపు చూశాడు. మేం అన్న వైపు చూశాం. అన్న, ఊళ్లో అందరి పెళ్లిళ్లూ చావులూ తీసినవాడు, ఒక్క క్షణం ఆగి, “కనుక్కుంట కాకా” అన్నాడు.